గేటు దగ్గర రాసిన అంకెలు

మా ఊళ్లో నన్ను పెద్దమనిషి అంటారు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా ఎవరో వెనకనుంచి మెడ పట్టుకున్నట్టు ఉంటుంది. ఎందుకంటే నేను ఒక మనిషి నోటి మీద బూటుకాలితో తన్నాను. తాగిన మత్తులో కాదు. కొట్లాటలో కాదు. అతను నేల మీద పడి, ఒక చెయ్యి తలకు అడ్డం పెట్టుకుని ఉండగా, పట్టపగలు, తెలిసి తెలిసి తన్నాను. ఈ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. నా భార్య చెప్పించుకోకుండానే పోయింది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీ దగ్గర నోరు పెగులుతోంది. మధ్యమధ్య ఆగిపోతే ఓపిక పట్టండి.

మా దీవికి స్వాతంత్ర్యం రావడానికి ముందు రోజులవి. క్యూర్‌పైప్ పట్నంలో ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసి అంకెలు రాసుకొచ్చే ఉద్యోగం నాది. మాది రివియేర్ దు రాంపార్ వైపు చెరకు ఊరు. తాత తెలుగుదేశం నుంచి ఓడలో వచ్చి చెరకు నరికాడు, నాన్న చెరకు నరికాడు. మా ఇంట్లో కాకీ చొక్కా తొడిగింది నేనే మొదలు. ఆఫీసువాళ్లు బూట్లు కూడా ఇచ్చారు. వాటిని చూసుకుని ఎంత మిడిసిపడ్డానో! ఆదివారం ఊరికి వెళ్లినా విప్పేవాణ్ని కాదు. అమ్మ గడపలోనే ఆపి తిట్టేది.

నేను మీటర్లు చూసే వీధిలో ఒక ఇంగ్లిష్ దొర బంగళా ఉండేది. సర్కారు కొలువు మీద వచ్చినవాడు. క్యూర్‌పైప్ వాన మీద ఏడుపు, చలి మీద ఏడుపు, అన్నిటికన్నా కరెంటు బిల్లు మీద ఏడుపు. దీపాలకు ఒక రేటు, పొయ్యికీ నీళ్లు కాచుకోవడానికీ ఇంకో రేటు ఏమిటని, తమ దేశంలో ఇంత ఖరీదు లేదని ప్రతి బిల్లుకూ ఆఫీసుకి ఉత్తరం రాసేవాడు. ఆ ఉత్తరం వచ్చినప్పుడల్లా మా పెద్దగుమాస్తా నన్ను అందరి ముందూ నిలబెట్టి కడిగేసేవాడు. మీటర్లేమో వెనక వరండాలో ఉండేవి. ఆ వరండాకి వెళ్లే దారిలో కుక్క.

ఒకసారి అది నా పిక్క పట్టుకుంది. మాంసం ఊడొచ్చింది. దొరసాని కిటికీలోంచి చూసి, కుక్కను పేరుపెట్టి పిలిచి ముద్దుగా మందలించింది. నా కాలి నుంచి రక్తం బూటులోకి కారుతోంది. ఆవిడ నా వైపు చూడనైనా లేదు. ఆ రోజు నాలో ఏదో తెగిపోయింది. ఆ కుక్కను చంపాలనిపించింది. ఆవిడ గొంతు నులమాలనిపించింది. ఏమీ చేయలేదు. కుంటుకుంటూ వచ్చేశాను.

తర్వాత నేను ఆ గేటు దాటలేదు. బయటే నిలబడి, కిందటి నెల అంకె చూసి, దానికి కాస్త కలిపి రాసేసేవాణ్ని. కాస్తే. తక్కువ రాస్తే బిల్లు తక్కువ వస్తుంది, దొర ఉత్తరం రాయడు, గుమాస్తా తిట్టడు. ఎంత తెలివో చూడండి! ఏడాది పైగా అలాగే సాగింది. దొర చల్లబడ్డాడు. గుమాస్తా నా భుజం కూడా తట్టాడు.

ఆ బంగళాలో వంటవాడు సిమ్మాద్రి. మా ఊరివాడే, నాకన్నా పదేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ని, నన్ను తమ్ముడూ అనేవాడు. శనివారం ఇద్దరం ఒకే బస్సులో ఊరికి వెళ్లేవాళ్లం. మా ఊళ్లో రామభజన అంటే దీపం చుట్టూ తిరుగుతూ పాడటం. ముందు అతను ఎత్తుకోవాలి, వెనక మేమంతా అందుకోవాలి. ఏం గొంతు! పదాలకు అర్థం తెలియని పిల్లలు కూడా అతను పాడుతుంటే అల్లరి మానేసేవారు. నాకూ పాట వచ్చు. నా పాట ఎవరికీ అక్కర్లేకపోయింది. ఈ మాట రాయాలా వద్దా అని చాలాసేపు ఆగాను. రాయాలి.

జెండా మారబోతోందని తేలాక దొర పెట్టె సర్దుకున్నాడు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆఖరి లెక్క తీయాలి కదా. కుక్కను ఎవరికో ఇచ్చేశారు. ఆఫీసు నుంచి వేరే మనిషి వెళ్లి అసలు అంకె రాసుకొచ్చాడు. ఏడాది పొడవునా నేను మింగిన యూనిట్లన్నీ ఒక్క బిల్లులో దిగాయి. దొర ఊగిపోయాడట. నేను రాసిన అంకెలు తప్పని అతనికి తట్టలేదు. నల్లవాడు దొంగతనం చేశాడనే తట్టింది. సిమ్మాద్రి గదికి ఒక బల్బు ఉండేది. ఆ తీగలోంచే కరెంటు దొంగిలించి ఎవరికో అమ్ముకున్నాడన్నాడు. తేల్చి రమ్మని ఆఫీసు నన్నే పంపింది.

నేను వెళ్లేసరికి సన్నగా వాన పడుతోంది. పెరట్లో పెట్టెలు, గడ్డి, కాగితాలు. సిమ్మాద్రి గదిలోని తీగ గోడనుంచి పీకేసి ఉంది. అతను మోకాళ్ల మీద ఉన్నాడు. దొర చేతిలో లావుపాటి కర్ర. అప్పటికే కొట్టినట్టున్నాడు, చెవి దగ్గర రక్తం కారుతోంది. ఈ తీగలోంచి దొంగిలించడం కుదురుతుందా అని దొర నన్ను అడిగాడు. ఒక్క బల్బు తీగ అది. కుదరదని నాకు తెలుసు. కుదురుతుంది సార్ అన్నాను.

కర్ర వీపు మీద పడింది. తడిబట్ట బండకేసి బాదినట్టు చప్పుడయింది. సిమ్మాద్రి నా వైపు తిరిగి, దీవి మాటలు కలిసిన మా ఊరి తెలుగులో అన్నాడు.

“తమ్ముడూ, మో పా వోలేర్, నాను దొంగని కాదు. నువ్వు లోపలికెప్పుడొచ్చినావు? గేటు కాడే నిలబడి రాసీసినావు. వంటింటి కిటికీలోంచి నాను సూసినాను. దిర్ లి, మిస్యే దొరకి సెప్పు నాయనా.”

“ఏమంటున్నాడు?” అన్నాడు దొర ఇంగ్లిష్‌లో.

“ఒప్పుకుంటున్నాడు సార్. క్షమించమంటున్నాడు.”

మళ్లీ కర్ర. ఈసారి భుజం మీద. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. సిమ్మాద్రి పక్కకు ఒరిగిపోయాడు. నేనేం చెప్పానో అతనికి అర్థమైంది. వంటింట్లో నేర్చుకున్న నాలుగు ఇంగ్లిష్ ముక్కలు కూడదీసుకున్నాడు.

“నో సర్... హీ... గేట్... గేట్...”

ఆ మాట పూర్తి కానివ్వలేదు. నా కాలు లేచింది.

ఒక్కసారి కాదు. మూడుసార్లు. మొదటి దెబ్బకే పళ్లు ఊడాయి, బూటు ముందు భాగానికి తగిలి తెలిసింది. నోరు మూయించడానికైతే ఆ ఒక్కటీ చాలు. మరి రెండోది ఎందుకు? మూడోది ఎందుకు? కుక్క కాటుకు చెప్పుదెబ్బ అంటారు. నన్ను కరిచింది దొర కుక్క, దెబ్బ తిన్నది సిమ్మాద్రి. అత్త మీద కోపం దుత్త మీద చూపానని సర్దిచెప్పుకున్నాను చాలా ఏళ్లు. అదీ పూర్తి నిజం కాదు. మూడో తన్ను తన్నేటప్పుడు నాకు దొర గుర్తులేడు, ఉద్యోగం గుర్తులేదు. ఆ గొంతు ఒక్కటే గుర్తుంది. నాకు హాయిగా ఉండింది. దేవుడా, హాయిగా ఉండింది!

చివరికి దొరే “చాలు, చాలు” అని నన్ను వెనక్కి లాగాడు. కర్ర పట్టినవాడికి కూడా నన్ను చూసి భయం వేసింది.

పోలీసులకు చెప్పనులే, వీణ్ని తీసుకుపో అన్నాడు. నేనే ఆస్పత్రికి తీసుకెళ్లాను. వాన నీళ్లలో చాకిరేవు బండ మీద జారి పడ్డాడని నేనే చెప్పాను. సిమ్మాద్రి మాట్లాడే స్థితిలో లేడు. దవడ తీగలతో కట్టారు. విప్పాక కూడా ఆ మాటే ఉండనిచ్చాడు. ఎందుకు? చెబితే దొంగ అన్న మాట ఊరికి తెలుస్తుందనా? కాకీ చొక్కావాడి మాట ముందు తన మాట నిలవదనా? నన్ను కాపాడాలనా? ఆ చివరిది అనుకుంటే నాకు బాగుంటుంది, అందుకే నమ్మను. నేను ఎన్నడూ అడగలేదు. ఆ తర్వాత అతను ఎన్నడూ నాతో మాట్లాడలేదు.

జెండా ఎగిరిన రోజు ఊరు ఊరంతా గుడి ముందు చేరింది. పాట ఎత్తుకోమని అందరూ సిమ్మాద్రిని బతిమాలారు. అతను లేచాడు. నోరు తెరిచాడు. దవడ ఒక పక్కకు లాగేసి, గాలి వచ్చింది తప్ప మాట రాలేదు. పిల్లలు నవ్వారు. అతను కూర్చున్నాడు. ఎవరో నన్ను ముందుకు తోశారు. నేను పాడాను. బాగా పాడానన్నారు. అప్పటినుంచి ముప్పై ఏళ్లకు పైగా ఆ ఊళ్లో భజన ఎత్తుకుంది నేనే. సిమ్మాద్రి దీపానికి అవతలి పక్క కూర్చుని తాళం వేసేవాడు. ఒక్క వారం కూడా మానలేదు. నన్ను చంపడానికి అంతకన్నా మంచి ఉపాయం ఉందా?

కిందటి నెల సిమ్మాద్రి పోయాడు. పదకొండో రోజు అతని కూతురు సావిత్రి నా దగ్గరికి వచ్చింది. వాళ్ల నాన్న ఒకప్పుడు పాడేవాడట, నిజమేనా అని అడిగింది. ఆమె వినలేదు, అప్పటికి పుట్టలేదు. పాడేవాడమ్మా అన్నాను. మరి ఎందుకు మానేశాడంది. బండ మీద జారి పడ్డాడు అన్నాను. చచ్చినవాడి మీద కూడా అబద్ధం ఆడాను. ఆమె నా కాళ్లకు దండం పెట్టి వెళ్లింది. నా కాళ్లకు!

అందుకే ఇది రాయడానికి కూర్చున్నాను. తెలుగులో రాశాను. నా కొడుకులకు ఈ అక్షరాలు రావు, మనవలకు అసలే రావు. సగం రాశాక అనుమానం వచ్చింది. ఇది ఒప్పుకోవడమా, మళ్లీ దాక్కోవడమా? మా ఊళ్లో తెలుగు గడగడా చదవగలిగేది సావిత్రి ఒక్కతే. ఊళ్లో నేను తెలుగు చెప్పే సాయంత్రం బడిలో నా దగ్గరే నేర్చుకుంది. ఈ కాగితాలు రేపు ఆమె చేతిలో పెడతాను. పెట్టగలనా? పెడతాను. తర్వాత ఆమె ఊరందరికీ చదివి వినిపించనీ, నా మొహాన ఉమ్మనీ, ఆమె ఇష్టం. క్షమించమని అడగను. అడిగే నోరు నాకు లేదు.

సావిత్రమ్మా, మీ నాన్న జారి పడలేదు. ఆయన నిజం చెప్పబోతుంటే నేను తన్నాను. ఆయన దొంగ కాదు. తప్పుడు అంకెలు రాసింది నేను.

రాసేశాను. ఊపిరి ఆడుతోంది.