వాన పడితే బెల్ తెంపో

మొన్న నంద్యాలలో మబ్బు పట్టిన సాయంత్రం నా ఫోను హెచ్చరిక చూపింది: వాతావరణం బాగుండదు, వర్షం పడవచ్చు. నలభై రోజులుగా ఎండకు మాడిపోతుంటే ఈ ఫోను నోరెత్తలేదు. దాన్ని చూసి మా చిన్నత్త గుర్తొచ్చింది.

చిన్నత్తంటే మా నాయన చెల్లెలు. ఆళ్లగడ్డలో ఒక ఆసుపత్రిలో ఆయాగా పాతికేళ్లు చేసింది. యాభైకి దగ్గరపడ్డాక, ఇటలీలో ముసలివాళ్లను చూసుకునే పనికి పోతానంది. అక్కడి రెండు ఇళ్లవాళ్లు వయసు చూసి వద్దన్నారు. మూడో ఇంటామెకు ఎనభై దాటాయి. రోజూ పొద్దున చక్రాల కుర్చీలో సముద్రపు ఒడ్డుకు పోయి, వాతావరణం గురించి తప్ప మరోటి మాట్లాడదట. ఆమె కూతురు వీడియో కాల్ చేసి ఆ మాటలే అడిగి చూస్తుందని, ఇదీ పోతే ఇక వేరే ఇల్లు లేదని ఏజెంటు చెప్పాడు. మా ఇళ్లలో డిగ్రీ చదివింది నేనొక్కణ్ణే కాబట్టి ఇటాలియన్ నేర్పే బాధ్యత నాకిచ్చారు. నాది బీకాం.

ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఆమె బస్సెక్కి నంద్యాల వచ్చేది. సముద్రాన్ని మేమిద్దరం ఎప్పుడూ చూడలేదు; పాఠానికి అదేమంత అడ్డం కాలేదు. ‘ఫా కాల్దో’ అంటే ఎండగా ఉంది. దీనికి సాధన అక్కర్లేకపోయింది. ‘చె వెంతో’, గాలి ఉంది. ‘ఇల్ మారె ఎ కాల్మో’, సముద్రం నిమ్మళంగా ఉంది. ఈ చివరిదాన్ని తెలుగుతో సహా ఆళ్లగడ్డ బస్సు కిటికీలోంచి ఎంత గంభీరంగా అప్పజెప్పేదంటే, పక్క సీటాయన ఒకసారి బయటికి తొంగి చూశాడు. చిక్కు ఒక్కచోటే వచ్చింది. ఎండ కాస్తే ‘బెల్ తెంపో’, బాగుంది. వాన పడితే ‘బ్రుత్తో తెంపో’, బాగలేదు.

“ఏంది అల్లుడా, వానొస్తే బాగలేదంటారా? వీళ్లకు సేన్లు లేవా?”

“పుస్తకంలో అట్లుందత్తా. అట్లే చెప్పు, లేకుంటే పని పోతాది.”

“రాసినోన్ని ఒక్క మే నెల ఈడ ఉండమను,” అని పుస్తకం మూసేసింది.

వీడియో కాల్ వచ్చిన రోజే, మా ఇంటి ముందు తొలకరి దిగింది. మీ దగ్గర ఎలా ఉందని ముసలామె కూతురు అడిగింది. నేను పక్కనుంచి ‘బ్రుత్తో, బ్రుత్తో’ అని పెదవులు కదిలిస్తున్నాను. అత్త నావైపు చూసి కూడా, “పియోవె. బెల్ తెంపో,” అంది. వాన పడుతోంది, బాగుంది. ఎందుకు బాగుందని వెనకనుంచి ముసలామె అడిగింది. అది చెప్పే వాక్యం మా పుస్తకంలో లేదు. అత్త ఫోను పట్టుకుని నేరుగా వానలోకి నడిచింది. అరుగుల మీద చేతులు చాపి నిలబడ్డ ఇరుగుపొరుగును, ఎదుటి ఖాళీ జాగాలో తడిసి ఇంకా నల్లబడుతున్న నేలను, చివరకు నీళ్లు కారుతున్న తన ముఖాన్ని చూపించింది. ముసలామె కళ్లద్దాలు తెప్పించుకుని చాలాసేపు చూసి, “బెల్ తెంపో,” అంది. తడిసిన ఫోను అంతటితో ఆగిపోయింది. మర్నాడు ఏజెంటు వచ్చి, రమ్మన్నారని చెప్పాడు. ఆగిపోయిన ఫోను నాదని ఆ సంబరంలో ఎవరికీ గుర్తు రాలేదు.

అత్త ఇటలీలో ఉండబట్టి ఆరేళ్లయింది. వాన పడితే అక్కడి ఒడ్డు ఖాళీ అవుతుందట. గొడుగు కింద అత్త, ముసలామె ఇద్దరే మిగులుతారట. నేను నేర్పిన మాటలు నేనే మరిచిపోయాను. ఆమె నేర్పిన వాన ‘బెల్ తెంపో’ మాత్రం, మా వైపు ఏడాదికి నాలుగైదు సార్లే అవసరపడుతుంది కాబట్టేమో, ఇన్నేళ్లయినా అరగలేదు.