మూర్తి సార్ నేర్చుకున్న మాట

ఆపరేషన్ గదిలో ఉలి మీద చిన్న సుత్తి టక్ టక్‌మని పడగానే ఇప్పటికీ నా మనసు కలుక్కుమంటుంది. విరిగి అతకని చోట పేర్చడానికి రోగి తుంటి నుంచే కాస్త ఎముక తీస్తారు. సొంత ఎముక గనక ఒళ్లు కాదనదు. కరీంనగర్‌లో నర్సుగా చేరిన కొత్తలో ఈ పని నాకు దగ్గరుండి నేర్పింది ఎముకల డాక్టర్ మూర్తి సార్. ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఆ సంగతి నాకింకా మింగుడుపడటం లేదు.

సార్‌ది కోస్తా వైపు. మెత్తని మాట. మందమర్రి బొగ్గుబాయిలో పనిచేసే రాజయ్యకు కాలు విరిగి ఎన్నాళ్లైనా అతకలేదు. నేను డ్యూటీలో లేని పూట సార్ అతనికి ఓపిగ్గా చెప్పారట. "భయం లేదు రాజయ్యా. తుంటి దగ్గర చిన్న బొక్క పెట్టి, లోపలిది కాస్త తీసి కాల్లో వేస్తాం. మళ్లీ బాయి దిగుతావు." రాజయ్య బుద్ధిగా తలూపాడు. మర్నాడు చూస్తే మంచం ఖాళీ.

వానలు పడ్డాక తిరిగొచ్చాడు. ఎక్కడో పసరుకట్టు కట్టించుకున్నాడు, కాలంతా చీము. చీము పట్టిన చోట ఏ ఎముకా అతకదు. మోకాలి కింద తీసేయక తప్పలేదు. సార్ పక్కనుండగానే అడిగాను, "ఎందుకు పోయినవ్ రాజన్నా?" అని.

"ఎవలదో సచ్చినోళ్ల బొక్క పెట్టి నాది తీస్తమన్నరు గదమ్మా. పరేషాన్ అయిన."

సార్ తెల్లబోయారు. ఆయన ఊళ్లో బొక్క అంటే రంధ్రం. మా దగ్గర ఎముక.

"ఎవలదో కాదు రాజన్నా, నీ బొక్కనే తీసి నీకే పెడ్తరు," అన్నాను.

రాజయ్య సార్ వైపు తిరిగాడు. "నాదేనా? గా ముచ్చట గప్పుడే చెప్తే అయిపోతుండె గద సారూ."

ఆ గొంతులో కోపం కూడా లేదు. తిట్టినా బాగుండేది.

తర్వాత సార్ మా మాట నేర్చుకున్నారు. రోగి తుంటి మీద చెయ్యి వేసి, "ఈడికెల్లి నీ బొక్కనే జరంత తీస్త" అనేవారు. ఆయన నోట ఆ యాస వింటే వార్డంతా పకపకా నవ్వేది. ఆయన మాత్రం నవ్వేవారు కాదు. "నేనేం చెప్పిన్నో ఇప్పుడు నువ్వు చెప్పు" అని రోగి చేత చెప్పించుకున్నాకే కత్తి పట్టేవారు.

చివరికి ఆయన ఎముకల్లోకే క్యాన్సర్ పాకింది. నేను చూడటానికి వెళ్లిన రోజు కుర్ర డాక్టరొకరు ఏవేవో ఇంగ్లిషు ముక్కలు చెప్పి, "అర్థమైందా సార్?" అన్నాడు.

"నేను విన్నది చెబుతాను, తప్పయితే దిద్దు బాబూ. ఇక చేసేదేం లేదు, ఇంటికి వెళ్లమంటున్నావు. అంతేనా?"

ఆ అబ్బాయి తలొంచుకున్నాడు. సార్ నా వైపు చూశారు. నేనే చెప్పాల్సి వచ్చింది. "అంతే సార్."

ఏం చెప్పినా రోగి పక్కన కూర్చునే చెబుతాను నేను. వాళ్ల నోట విన్నాకే లేస్తాను. మొన్న ఉట్నూర్ నుంచి వచ్చిన ఒకామె నా చెయ్యి పట్టుకుని, "నా బొక్కనే, నాకే పెడ్తరు. గంతే గద?" అంది. సరిగ్గానే చెప్పింది. ఆ మాట రాజయ్య నోట రావాల్సింది.