మామ్మ దాచుకున్న తెల్ల శాటిన్

మా చిన్నప్పుడు... మామ్మ ట్రంకుపెట్టె మూత కిర్రుమందంటే చాలు, ఎక్కడున్నా వచ్చి వాలిపోయేదాన్ని. లోపల పాత పంచెలో చుట్టి తెల్ల శాటిన్ గుడ్డ ఉండేది. కువైట్‌లో ఇళ్లల్లో పనిచేసే మా అత్త సెలవుకొస్తూ ఏం తెమ్మంటావని అడిగితే, బంగారం వద్దని మామ్మ అదే తెప్పించుకుందట. ఎందుకో అప్పట్లో నాకు తెలియదు...

ఏటా వానలు వెనకబట్టాక దాన్ని వసారాలో నీడన పరిచేది. ఎండ తగిలితే పసుపెక్కుతుందని భయం. నేను సబ్బుతో చేతులు కడుక్కుంటేనే దగ్గరకు రానిచ్చేది. మళ్లీ మడతపెట్టేటప్పుడు పాత మడత మీద పెట్టేది కాదు... అక్కడే గీతపడి పోగు విరిగిపోతుందట.

ఇంకో వింత... ఆ గుడ్డని ఎప్పుడూ చేతి వెనకవైపుతోనే నిమిరేది. కొబ్బరి పీచు తాళ్లు పేనిపేని మామ్మ అరచేతులు గరుకెక్కిపోయాయి. అరచేత్తో ముట్టుకుంటే పోగులు లేచిపోయేవి.

నేను నాలుగో తరగతిలో ఉండగా చర్చిలో క్రిస్మస్ నాటకం... నాకు దేవదూత వేషం! తెల్లగా మెరిసే గౌను కావాలన్నారు టీచరుగారు. అమ్మ దగ్గరున్నదేమో పల్చటి నూలు మల్లు గుడ్డ. అది మెరవదు కదా! అన్నం మానేసి, మంచం కింద దూరి ఏడ్చాను. చిన్న ఏడుపేం కాదు, నాలుగిళ్లకు వినపడే ఏడుపు.

మర్నాడు బడి నుంచి వచ్చి చూస్తే... శాటిన్ మీద మామ్మ కత్తెర నడుస్తోంది! గుమ్మంలోనే కొయ్యబారిపోయాను. వేలు పెడితేనే కసిరే మనిషి... కోసేస్తోందేంటి!

"ముక్కలన్నీ ఒక్కవైపుకే కొయ్యాలే అమ్మడూ. అటొకటీ ఇటొకటీ కోసేవనుకో, ఒకటి తెల్లగా, ఇంకోటి మాసినట్టూ కనపడద్ది," అంది తల ఎత్తకుండా. గుండుసూదులు కూడా కుట్టులోకి పోయే అంచు మీదే గుచ్చింది. "మధ్యలో గుచ్చేవంటే ఆ చిల్లి ఇంక పూడదు."

మిషనుకు సన్నటి కొత్త సూది ఎక్కించి, ఆ సాయంత్రానికి గౌను కుట్టేసింది.

నాటకం రోజు చర్చి మెట్ల దగ్గర గిరగిరా తిరుగుతూ గౌను చూపించుకుంటున్నాను. మామ్మతో తాళ్లు పేనే మార్తమ్మగారు నన్ను చూసి గుండెల మీద చెయ్యి వేసుకున్నారు.

"అయ్య బాబోయ్! ఇదేంటండీ సుగుణమ్మగారూ... మిమ్మల్ని పూడ్చే పెట్టెలోకని దాచుకున్న గుడ్డ కదండీ ఇది! పిల్లకి కుట్టేసేరా?"

"ఆయ్... కుట్టేసేనండి," అంది మామ్మ, ఏమీ జరగనట్టు.

శవపెట్టెలో పరిచే గుడ్డా నా ఒంటి మీద! రెండు చేతులూ గౌనుకు తగలకుండా ఎడంగా పెట్టుకుని నిలబడిపోయాను. నాటకంలో భయపడొద్దని గొల్లలకు చెప్పాల్సిన దూతని... నేనే గడగడా వణికిపోయాను. నా వీపుకు కట్టిన అట్టరెక్కలు బాగా ఆడాయని తర్వాత అందరూ మెచ్చుకున్నారు. ఆడకేం చేస్తాయి!

ఇంటికొచ్చాక అమ్మ చెప్పింది. మామ్మ వాళ్లమ్మని వట్టి గరుకు చెక్కల మధ్య పూడ్చారట. తన పెట్టెలోనైనా మెత్తటి గుడ్డ ఉండాలని మామ్మకు ఒక్కటే కోరికట. అది విన్నాక భయం పోయి ఏడుపొచ్చింది.

"మరి నువ్వు దేనిమీద పడుకుంటావే మామ్మా?" అన్నాను.

"నేను కళ్లు మూసుకునేకా దాని మెరుపు చూసేదెవరే? నీ ఒంటిమీదైతే కళ్లారా చూసేను గదా," అంది.

మర్నాడు గౌనుని కుంకుడు నురుగులో ముంచి, పిండకుండా తువ్వాలులో చుట్టి, నీడన ఆరేసింది. తిరగేసి, పైన పల్చటి గుడ్డ వేసి, గోరువెచ్చటి ఇస్త్రీ చేసింది. అది బిగుతైపోయేదాకా ప్రతి పండక్కీ వేసుకున్నాను. తర్వాత మళ్లీ ఆ ట్రంకుపెట్టెలోకే వెళ్లింది.

మొన్న వానాకాలంలో మామ్మ వెళ్లిపోయింది... అమలాపురం నుంచి శవపెట్టె తెచ్చారు. లోపల శాటినే వేశారు. దగ్గరకెళ్లి చూసి నిర్ఘాంతపోయాను. గుడ్డ నిండా అడ్డదిడ్డంగా స్టాప్లర్ పిన్నులు! నడిమధ్యన కూడా! మామ్మ చూస్తే ఊరుకునేదా?

లోపలికెళ్లి ట్రంకుపెట్టె తెరిచాను. నా గౌను తీసి, పాత మడత విప్పి, కొత్త మడత పెట్టి ఆమె తల కింద ఉంచాను. తాళ్లు పేనిన చేతులు కావు నావి, ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే మెత్తటి చేతులు. అయినా చేతి వెనకవైపుతోనే నిమిరాను...

ఇప్పుడు ఫంక్షన్ హాల్లో కుర్చీలక్కూడా శాటిన్ ముడులే కడుతున్నారు. మర్నాటికి చెత్తలో ఉంటాయి. శాటిన్‌కేం కరువు లేదు... దాచుకున్నది కోసి ఇచ్చే మనిషే నాకిక లేదు.

మీ ఇంట్లో అలాంటి మనిషి ఉన్నారా? ఉంటే ఈపూటే పక్కన కూర్చుని అడగండి... వాళ్ల ట్రంకుపెట్టెలో ఏం దాచుకున్నారో, ఎందుకో. వాళ్లేం చెప్పారో నాకూ చెప్పండి.