పేకాట ల్యాప్‌టాప్

మా అన్నయ్యకి కోపం వస్తే మాట్లాడడు. నాకు కోపం వస్తే ఆపను. ఒకే తల్లి కడుపున పుట్టి ఇలా ఎలా తయారయ్యారని మా వదిన ఇప్పటికీ ఆశ్చర్యపోతుంది. అందుకే అన్నయ్య ఫోన్ చేసి, "అమ్మాయికి ల్యాప్‌టాప్ కొనాలే, గుడివాడ వస్తన్నాం, నువ్వూ షాపుకి రా" అన్నప్పుడే ఇది సాఫీగా తెమిలే పని కాదని నాకు తట్టి ఉండాల్సింది.

అన్నయ్యది నాగాయలంక. రొయ్యల చెరువులు చేస్తాడు. నేను గుడివాడలో ఉంటాను, ముదినేపల్లి దగ్గర హైస్కూల్లో సోషల్ చెప్తాను. వెనక బెంచీ దాకా వినపడేలా అరిచీ అరిచీ నా గొంతు ఇంట్లో కూడా అలాగే వస్తుంది. ఇక మా మేనకోడలు, అంటే అన్నయ్య కూతురు, ఇంటర్ అయిపోయి విజయవాడలో ఆర్కిటెక్చర్ సీటు తెచ్చుకుంది. "కంప్యూటర్స్ రాలేదా పాపం?" అని అడగని చుట్టం లేడు. రాక కాదండీ, వద్దనుకుని ఇది తీసుకుంది అని చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. ఎవరూ నమ్మలేదు. వద్దనుకునే హక్కు ఆడపిల్లకి ఉంటుందని మనవాళ్ళకి ఎందుకో తోచదు.

దీనికి ఆ చదువు పిచ్చి ఎక్కడ పట్టిందో నాకు తెలుసు. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడల్లా వాళ్ళ వీధి వీధంతా షెల్టర్‌కి పోయేవాళ్ళు. ఎత్తుగా స్తంభాల మీద కట్టిన బిల్డింగు. మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి, కిటికీలు ఎక్కడో పైన, ఆడవాళ్ళకి మరుగనేది లేదు. ఒకసారి వాళ్ళ పక్కింటి మామ్మ ఆ మెట్లెక్కలేక, మోస్తామంటే సిగ్గుపడి, వానలో కిందే కూర్చుండిపోయిందట. "ఇది కట్టినాయన ఇందులో ఒక్క పూటన్నా ఉన్నాడా అత్తా?" అని ఇది నన్ను అడిగినప్పుడు అదింకా హైస్కూలు దాటలేదు. అప్పటినుంచీ చేతికి ఏ కాగితం దొరికినా దాని మీద మెట్లు గీస్తూనే ఉంది.

ల్యాప్‌టాప్ సంగతి కూడా అది గాలికి వదిలెయ్యలేదు. అదే కాలేజీలో చదివే సీనియర్ అమ్మాయికి ఫోన్ చేసి అన్నీ అడిగింది. ఇంటి బొమ్మని అన్ని వైపులా తిప్పి చూసేలా, ఎండ ఏ మూల పడుతుందో కనిపించేలా గీయాలంటే మామూలు ల్యాప్‌టాప్ ఉక్కిరిబిక్కిరైపోతుందట. బొమ్మల పని చూసుకోవడానికి లోపల గ్రాఫిక్స్ కార్డని విడిగా ఒకటి ఉండాలట. అది లేకుండా చేరిన తన రూమ్మేటు, ఊరికే ఆగిపోయే ల్యాప్‌టాప్ పెట్టుకుని, రోజూ ఎవరో ఒకరి మిషను అడుక్కుంటూ, చివరికి ఆ చదువే మానేసి వేరే కోర్సులోకి వెళ్ళిపోయిందని కూడా ఆ అమ్మాయి చెప్పింది. ఆ మాట విన్న దగ్గర్నుంచీ మా పిల్ల సెలవులన్నీ ఇదే పనిలో ఉండి, ఒక మోడల్ మీద వేలు పెట్టింది. "ఇది లేకపోతే నేనూ అలాగే వెనక్కొచ్చేస్తా అత్తా" అంది. బెదిరింపు కాదు, భయం.

గుడివాడ షాపులో అంతా బాగానే మొదలైంది. షాపాయన మర్యాదస్తుడు, కుర్చీలు వేసి మంచినీళ్ళిచ్చాడు. పిల్ల మోడల్ చెప్పగానే లోపల్నుంచి తెచ్చి బల్ల మీద పెట్టాడు. నల్లగా, మందంగా ఉంది. మూత తియ్యగానే అక్షరాల కింద ఎర్ర లైట్లు వెలిగాయి.

"మంచిది సెలక్ట్ చేసిందండీ పాప. గేమింగ్ ల్యాప్‌టాప్. కార్డు విడిగా వస్తుంది. కార్డు బాగుంటే గేమ్ అదిరిపోద్దండీ!" అన్నాడు షాపాయన, ఎంతో సంబరంగా.

అన్నయ్య మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టాడు. "గేమింగా?"

"అవునండీ."

"కార్డా?"

"అవునండీ, ఇందులో కార్డే మెయిను."

అన్నయ్య లేచాడు. "పదండి" అన్నాడు మాతో. అంతే. నేను వెనకనుంచి పిలుస్తున్నా వినకుండా రోడ్డు మీదకి వెళ్ళిపోయాడు. షాపాయన తనేం తప్పు మాట్లాడాడో తెలియక నా మొహం చూశాడు.

నాకు తెలుసు. మా వైపు చెరువు గట్ల మీద గేమింగ్ అన్నా గేమ్ అన్నా ఒకటే అర్థం. ఫోన్లో పేకాట, ఫోన్లో క్రికెట్ పందెం. కార్డంటే ముక్క. అన్నయ్యకి చిన్నప్పటినుంచీ ప్రాణంలాంటి స్నేహితుడు ఒకడుండేవాడు. చెరువులు పక్కపక్కనే. మేత చల్లి వచ్చి గట్టు మీద కూర్చుని ఫోన్ నొక్కుతుంటే, ఏదో కాలక్షేపమనుకున్నారు అందరూ. చెరువు పోయింది, ఇల్లు పోయింది, చివరికి ఊరొదిలి భార్యాపిల్లల్తో ఎటో వెళ్ళిపోయాడు. ఈరోజుకీ ఆ చెరువు పక్కనుంచి వెళ్ళేటప్పుడు అన్నయ్య తల తిప్పుకుంటాడు. ఆ భయం అబద్ధం కాదు. నేను కాదనను. కానీ ఆ భయానికి మా పిల్ల చదువు ఎందుకు బలవ్వాలి?

మా ఇంట్లో అన్నాలు తింటూ నేను మొదలెట్టాను. "అది పేరు మాత్రమే అన్నయ్యా. ఆటలాడేవాళ్ళూ కొంటారు, ఇళ్ళు గీసేవాళ్ళూ కొంటారు. గేమింగ్ అంటే పేకాట కాదు, కార్డంటే ముక్క కాదు, అది లోపలుండే ఒక భాగం."

"తాటిచెట్టు కింద కూచుని పాలు తాగినా కల్లే అంటారు."

"అననీ! పాలు తాగేవాళ్ళకి తెలుసు పాలో కల్లో. ఎవరో అంటారని దాహంతో చావాలా?"

"ఆ ఎర్ర లైట్లేంటే? చదువుకునే వస్తువుకి ఆ లైట్లెందుకు? తిరనాళ్ళలో రంగులరాట్నంలాగా."

"అదే కొడుకై ఉంటే ఆ లైట్లు చూసి మావాడు హుషారని మురిసిపోయేవాడివి."

"కొడుకైనా కొననే" అన్నాడు. అన్నయ్య అబద్ధమాడడు, అది నిజమేనని నాకు తెలుసు. అందుకే ఇంకా మండింది. పోట్లాడటానికి నాకు దొరికిన ఒక్క ఆయుధమూ మొండిదైపోయింది. "సరే, నువ్వు కొనకు. నేను కొనిస్తా. నా మేనకోడలు, నా జీతం" అన్నాను.

అన్నయ్య కంచంలో చెయ్యి కడిగేశాడు. "నేను బతికుండగా నా కూతురికి నువ్వు కొంటే, ఊళ్ళో నేను తలెత్తుకోవాలా వద్దా?" అని, సన్నటి వెండిరంగు ల్యాప్‌టాప్ ఏదన్నా చూద్దామని, తనకి ఫిషరీస్ ఆఫీసులో పనుంది కాబట్టి వచ్చే వారం బందర్లో కొందామని తీర్పిచ్చాడు. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. పిల్ల పెరుగన్నం కలిపి కలిపి వదిలేసింది.

ఇంత చదువు చదివి, ఇంతమందికి పాఠాలు చెప్పి, ఒక్క మాట దగ్గర ఓడిపోతానా అనిపించింది. సరే, మాటే కదా అడ్డం. ఆ మాటే లేకుండా చేస్తే సరిపోతుంది కదా! బందర్లో కోనేరు సెంటర్ దగ్గర ఒక షాపులో ఆ మోడల్ ఉందని కనుక్కుని, ఆయనకి ఫోన్ చేశాను.

"ఏవండీ, మేము ఫలానా రోజు వస్తాం. గేమింగ్ అన్న మాట మీ నోట రాకూడదు. కార్డన్న మాట అసలు రాకూడదు. ఆ ఎర్ర లైట్లు ముందే ఆపేసి ఉంచండి."

"మరి దాన్నేమనమంటారు మేడమ్?"

"ఇళ్ళు గీసే ల్యాప్‌టాపనండి."

ఆయన పగలబడి నవ్వాడు. కానీ ఒప్పుకున్నాడు. నాకు కొంచెం కూడా సిగ్గనిపించలేదు, ఇప్పుడూ అనిపించడం లేదు. మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు, అలాంటివాడితో నిజాయితీగా గెలవాలని ఎక్కడన్నా రాసుందా? పిల్లకి మాత్రం చెప్పేశాను. అది "ఊఁ" అంది. ఆ ఊఁలో ఏముందో నాకు అప్పుడు అర్థం కాలేదు.

బందరు షాపాయన నాటకాలేసినవాడో ఏమో, అద్భుతంగా చేశాడు. మూత తీశాడు. లైట్లు లేవు. గుడివాడలో అన్నయ్య ఆ లైట్లు తప్ప ఇంకేం చూడలేదు కాబట్టి గుర్తుపట్టలేదు. "ఇదండీ, స్పెషల్‌గా ఇళ్ళు గీసేవాళ్ళ కోసం వచ్చిన ల్యాప్‌టాప్. ఆర్కిటెక్చర్ పిల్లలంతా ఇదే తీసుకెళ్తున్నారండీ" అన్నాడు.

అన్నయ్య దాన్ని అటూ ఇటూ తిప్పాడు. మీట నొక్కి చూశాడు. మొహం విప్పారింది. "చూశావా, వెతికితే దొరక్కపోద్దా? ఆ గుడివాడాయన మనకి పేకాటది అంటగట్టబోయాడు" అన్నాడు నాతో. నేను పెదవి కొరుక్కుని తలూపాను. గెలిచేశాం అనుకున్నాను. ఇక డబ్బు కట్టి బయటపడటమే.

"నాన్నా, ఇది గేమింగ్‌దే" అంది పిల్ల.

నేను దాని చెయ్యి గట్టిగా గిల్లాను.

"గిల్లకత్తా. ఇది గుడివాడలో చూసిందే నాన్నా. అదే మోడలు. ఇందులోనూ కార్డుంది. లైట్లున్నాయి, ఆపారంతే. అత్త ఈయనకి ముందే ఫోన్ చేసి చెప్పింది."

ఓరి భగవంతుడా! నా పరువు తీసుకెళ్ళి కోనేరు సెంటర్లో నిలబెట్టేసింది. షాపాయన ఉన్నట్టుండి బల్ల తుడవడం మొదలెట్టాడు. అన్నయ్య నావైపు చూశాడు. నేనూ చూశాను, కళ్ళు దించుకోలేదు. ఆ తర్వాత కూతురివైపు తిరిగాడు.

"అబద్ధం చెప్పి కొనిపిద్దామనుకున్నారా ఇద్దరూ?"

"అత్త అనుకుంది. నాకిష్టం లేదు, అందుకే చెప్తన్నా. రేపెప్పుడో ఎవరో నీకు చెప్తారు అది గేమింగ్‌దని. అప్పుడు నేను ఏం గీస్తన్నా నీకు నేను పేకాడుతున్నట్టే ఉంటది. తెలిసి కొను నాన్నా. లేదంటే తెలిసే మానెయ్యి."

"తెలిసి తెలిసి జూదం పెట్టె ఎట్టా కొనమంటావే?"

"నువ్వు ఆడట్లా?"

మా ఇంట్లో అన్నయ్యతో ఎవరూ అలా మాట్లాడరు. నేను అరుస్తాను, అది వేరు. ఇది అరవలేదు. చున్నీ కొస మెలిపెడుతోంది. కానీ గొంతు నిలకడగానే ఉంది.

"మబ్బు పడితే రొయ్యకి గాలందదని తిండి మానేసి గట్టు మీద కూచుంటావు. రొయ్యకి తెల్లమచ్చ రోగం కనపడిందంటే చెరువుకి చెరువే పోద్ది, ఎన్నిసార్లు పోలేదు? రొయ్యంటేనే జూదం అని నువ్వే అంటావుగా, అందరి దగ్గరా? అమ్మ ఆపిందా? నేను ఆపానా? ఏటా నీళ్ళలో కనపడని రొయ్య మీద పందెం కాస్తావు. నేను కనపడతన్నాగా నాన్నా, ఎదురుగానే ఉన్నాగా. ఈ ఒక్కసారి నా మీద కాయి."

షాపులో ఇంకెవరో చార్జర్ కోసం వచ్చినాయన కూడా ఇటు తిరిగి వింటున్నాడు. నాకు ఏడుపొచ్చింది. నేనిన్నాళ్ళూ కార్డంటే ముక్క కాదు, గేమింగంటే పేకాట కాదు అని పాఠం చెప్పాను. ఇది ఆ వాదనలోకే దిగలేదు. జూదమే అనుకో, అయితే ఏంటి, అంది.

"పోతే?" అన్నాడు అన్నయ్య. గొంతులో కోపం లేదు. నిజంగానే అడిగాడు, గట్టు మీద తోటి రైతుని అడిగినట్టు.

"పోతే మళ్ళీ వేస్తా. నువ్వు చేసేది అదేగా?"

అన్నయ్య జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. "ఆ లైట్లు వెయ్యండి, చూద్దాం" అన్నాడు షాపాయనతో. ఎర్రగా వెలిగాయి. ఇష్టం లేని కూర తింటున్నట్టు మొహం పెట్టి కాసేపు చూశాడు. "సరే, ఇదే కట్టండి" అన్నాడు.

షాపాయన ఊపిరి పీల్చుకుని బిల్లు పుస్తకం ముందుకి లాక్కున్నాడు. "మీ పేరు చెప్పండి బాబాయ్‌గారూ."

"నా పేరెందుకు?" అన్నాడు అన్నయ్య. "ఆడేది మా అమ్మాయి. దాని పేరు రాయండి."