ముప్పై జంటల పెళ్ళి

మా అత్తగారు సనోబర్ చేతిమీదుగా మా మార్గిలాన్ ఊరి చుట్టుపక్కల నూటపదమూడు పెళ్ళిళ్ళు జరిగాయి. వాటిలో మూడే పెటాకులయ్యాయి. ఆ మూడింట్లోనూ తప్పు మగాళ్ళదేనని ఆవిడ ఇప్పటికీ వాదిస్తుంది. ఏటా జూన్ నెలలో మా పెరటి గదిలో జరిగే పెళ్ళిళ్ళు ఈ లెక్కలో లేవు. అవి కూడా కలిపితే వెయ్యి ఎప్పుడో దాటిపోయింది. అక్కడ వధూవరులు పట్టుపురుగులు మరి!

ఆవిడకి డెబ్బై నాలుగేళ్ళు. మోకాళ్ళు మొరాయించాయి గానీ నోరు మాత్రం రెండు షిఫ్టులు పనిచేస్తుంది. కోడలిగా ఈ ఇంటికొచ్చినప్పుడు వాళ్ళ అత్తగారు ఆవిడ చేతిలో గుప్పెడంత గుడ్డసంచీ పెట్టిందట. అందులో ఉన్నవి పట్టుపురుగు గుడ్లు. ఆ పురుగులు కట్టే గూళ్ళు పండిన ఆప్రికాట్ రంగులో ఉంటాయి. ఊరు ఊరంతా చైనా నుంచి పెట్టెల్లో వచ్చే తెల్లగూళ్ళ రకానికి మారిపోయినా, మా అత్తగారు యాభై నాలుగు వసంతాలుగా ఆ పసుపు వంశాన్ని వదల్లేదు.

పోయినేడు మార్చిలో పట్టుపురుగుల గుడ్లు పంచే కేంద్రం నుంచి కొచ్కార్ వచ్చి టీ తాగుతూ బాంబు పేల్చాడు.

"పిన్నీ, ఈ ఏడాదే ఆఖరి అవకాశం. ఒక్కో తల్లికి సగటున ఐదొందల గుడ్లు రావాలి, అవీ మంచి గుడ్లు. లేదంటే మీ పసుపు రకాన్ని పుస్తకంలోంచి కొట్టేస్తారు. మీకూ పెట్టె గుడ్లే ఇస్తాం."

"ఒరే కొచ్కార్, నీకు పెళ్ళి కుదిర్చిందెవర్రా?"

"మీరే పిన్నీ."

"పిల్లలెంతమంది?"

"నలుగురు."

"మరి నువ్వా నాకు సంతానం సంగతి చెప్పేది? టీ తాగి లే!"

అతను వెళ్ళాక మాత్రం ఆవిడ ఆ గుడ్డసంచీ తీసి ఒళ్ళో పెట్టుకుని ముడి విప్పింది, మళ్ళీ కట్టింది. నాకు భయమేసింది. 

ఆ ఏడు నేను కొత్త కోడల్ని. పేరు జుమ్రాద్. పెళ్ళై ఏడాది నిండుతోంది. పక్కింటి తుర్సునాయ్ రోజూ గోడమీంచి తల పెట్టి "ఏమైనా విశేషమా?" అనడం, నేను తల అడ్డంగా ఊపడం. మా ఆయన ఎర్గాష్ ఈ మాట వినపడగానే వ్యాను తీసుకుని పారిపోయేవాడు. అత్తగారు మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. అనకుండా మేపేది! పొద్దున్నే అక్రోట్లు, పదింటికి గొర్రె కొవ్వు వేసిన పులుసు, సాయంత్రం పిట్ట గుడ్లు.

పురుగుల మేత దగ్గరా అంతే పట్టుదల. ఒకరోజు ఎండకి ఓపిక లేక, రోడ్డు పక్క మల్బరీ పొదల్లోంచి దుమ్ము కొట్టుకుపోయిన లేతాకు కోసుకొచ్చాను. ఆవిడ ఒక ఆకు వేళ్ళతో నలిపి నా ముఖాన విసిరింది.

"ఇది నువ్వు తింటావా?"

"పురుగే కదా అత్తయ్యా..."

"పురుగే! ఇప్పుడు తిన్నదే దాని జన్మకంతటికీ తిండి. గూడు కట్టి, రెక్కలొచ్చి సీతాకోకై బయటికొచ్చాక దానికి తినే నోరు ఉండదు. కడుపులో ఉండే గుడ్లన్నీ ఈ ఆకే. నువ్వు దుమ్ము పెడితే అది దుమ్మే కంటుంది. పో, కాలవ గట్టు మీద ముసలి మల్బరీ ఎక్కు!"

ఎక్కాను. పది రోజులు రోజుకి నాలుగుసార్లు ఎక్కాను. నా పెళ్ళి పరికిణీ ఆ చెట్టుకే చిరిగింది.

గూళ్ళు తయారయ్యాక ఆవిడ ఒక్కోటి అరచేతిలో తూచి చెప్పేసింది. "ఇది పెళ్ళికూతురు, బరువుంది. ఇది పెళ్ళికొడుకు, ఒట్టి డొల్ల." ముప్పై మంది అమ్మాయిల్ని, ముప్పై మంది అబ్బాయిల్ని ఎంచి పెట్టింది. జూన్ మొదటి వారంలో ఒక తెల్లవారుజామున సీతాకోకలు గూళ్ళు తొలుచుకుని బయటికొచ్చాయి. అమ్మాయిలు పొట్టలేసుకుని రాణుల్లా కూర్చున్నాయి. అబ్బాయిలు రెక్కలు టపటపలాడిస్తూ గుండ్రంగా ఒకటే గంతులు! వాటికి ఎగరడం రాదు గానీ హడావుడికి మాత్రం లోటు లేదు. నేను నవ్వు ఆపుకోలేక నోట్లో కొంగు కుక్కుకున్నాను.

ఏడు గంటలకల్లా ముప్పై జంటలూ కలిశాయి. "ఇంక ఐదు గంటలు ఎవరూ దగ్గరికి రాకూడదు" అంది అత్తగారు. "మధ్యలో విడిపోతే సగం గుడ్లు లోపలే ఉండిపోతాయి, పెట్టినవి తాలు పోతాయి." వంటింట్లో ఉల్లిపాయ వేయించడం కూడా నిషేధం. ఇంటిల్లిపాదికీ రొట్టె, పెరుగు, చెర్రీలు. ఆవిడ మోకాళ్ళకి మందు రాయించుకోవడానికి పక్క వీధికి వెళ్ళింది.

సరిగ్గా అప్పుడే తుర్సునాయ్ కిటికీలోంచి తొంగి చూసింది.

"అబ్బబ్బ! ఎంతెంత పొట్టలే! ఇంత లావు పురుగులు నా జన్మలో చూళ్ళేదు!"

దేవుడి పేరైనా తలుచుకోకుండా అలాగే అనేసి వెళ్ళిపోయింది. ఇక దిష్టి తగలకుండా ఉంటుందా? మా ఊళ్ళో పెళ్ళన్నాక కొత్త జంట చుట్టూ ఇసిరిక్ ఆకు పొగ వేయాల్సిందే. నా పెళ్ళికీ వేశారు. మూకుడు తెచ్చాను, నిప్పులు పోశాను, గుప్పెడు ఆకు వేసి తలుపులు మూసి గదంతా మూడుసార్లు తిప్పాను.

నాలుగోసారి తిప్పాల్సిన అవసరం రాలేదు. పెళ్ళికొడుకులందరూ టపటపా కింద రాలిపోయారు. కొందరు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటున్నారు. పెళ్ళికూతుళ్ళు ఉన్నచోటే ఒంటరిగా మిగిలారు.

అత్తగారు గుమ్మంలోకి వచ్చి చూసింది. తలుపులు, కిటికీలు బార్లా తెరిచింది. "ఎవరు చేశారే ఇది?"

"నేనే అత్తయ్యా." అప్పటికే ఏడుస్తున్నాను. "తుర్సునాయ్ దిష్టి పెట్టింది. పెళ్ళి కదా, ఇసిరిక్ వేయాలి కదా అని..."

ఆవిడ నన్ను చూసింది, మూకుడు చూసింది, కింద కాళ్ళు కొట్టుకుంటున్న పెళ్ళికొడుకుల్ని చూసింది. కొడుతుందనుకున్నాను. గోడకి చేరగిలబడి పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టింది. "ఓసి పిచ్చి మొహమా! పురుగులకి దిష్టి తీశావా! పెళ్ళివారినే పొగబెట్టి తరిమావే!" నవ్వి నవ్వి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఆ నీళ్ళన్నీ నవ్వువి కావని నాకు తెలుసు.

సంగతి తెలిసి తుర్సునాయ్ బుట్టతో పరుగెత్తుకొచ్చింది. "అక్కా, మా తెల్లగూళ్ళ మగాళ్ళున్నారు, ముప్పై మందినీ తీసుకో. ఎవడైతేనేం, గుడ్లు వస్తాయి కదా!"

ఐదొందలు కచ్చితంగా వచ్చేవే. ఆవిడ ఆ బుట్ట వైపు చూసింది కూడా.

"వస్తాయి. కానీ పుట్టేది మా అత్తగారిచ్చింది కాదు. తీసుకుపోవే తల్లీ."

తర్వాత ఆవిడ జనరల్ అయిపోయింది. పెళ్ళికొడుకుల్ని తడిపిన గోనె మీద పరిచి కాలవ ఒడ్డు నీడలోకి మోయించింది. నేను తట్టతో విసురుతున్నాను. గంటన్నరకి ఒకడు రెక్క కదిపాడు. "లేచాడే నా బంగారు కొండ!" అని అత్తగారు అరిస్తే పక్క వీధి వాళ్ళు కూడా వచ్చారు. మొత్తం పంతొమ్మిది మంది లేచారు. పదకొండు మంది లేవలేదు.

పంతొమ్మిది మందిని ఒక్కొక్కర్నీ తన వేళ్ళతో పెళ్ళికూతుళ్ళ దగ్గర పెట్టి, పక్కనే కూర్చుని ఐదు గంటలు కాపలా కాసింది. సన్నగా పెళ్ళిపాట కూడా పాడింది. విడిపోయాక పెళ్ళికొడుకులకి చల్లటి నేలగదిలో గంట విశ్రాంతి. ఆ తర్వాత గట్టివాళ్ళని పదకొండు మందిని ఏరి, మిగిలిపోయిన పెళ్ళికూతుళ్ళతో రెండో పెళ్ళి చేసింది. గుమ్మం దగ్గర మూగిన ఆడవాళ్ళ వేళాకోళాలు చెప్పడానికి నాకు సిగ్గు. ఎర్గాష్ మళ్ళీ వ్యాను తీసుకుని పారిపోయాడు.

మర్నాటికి ప్రతి తల్లీ తనకి వేరుగా పరిచిన కాగితం మీద గుడ్లు పెట్టింది. నిమ్మపండు రంగు. మంచి గుడ్డు రెండు మూడు రోజుల్లో బూడిదరంగుకి తిరుగుతుంది. తాలు గుడ్డు అలాగే ఉండి ముడుచుకుపోతుంది. మొదటి రోజు పసుపు. రెండో రోజూ పసుపే. నేను అన్నం మానేశాను. అత్తగారు నన్ను కూర్చోబెట్టి అక్రోట్లు కుక్కింది. మూడో రోజు పొద్దున ఆవిడ కేక విని వెళ్ళేసరికి ముప్పై కాగితాలూ బూడిద చల్లినట్టున్నాయి. ఆ ముసలావిడ్ని నేను ఎత్తి గిరగిరా తిప్పేశాను. "మోకాళ్ళే, మోకాళ్ళు!" అని తిడుతూ నన్ను ముద్దు పెట్టుకుంది.

కొచ్కార్ వచ్చి భూతద్దంతో సాయంత్రందాకా లెక్కపెట్టాడు. రెండో పెళ్ళి వాళ్ళ దగ్గర కాస్త తగ్గాయి. సగటు ఐదొందల మూడు.

"ఏం మేత పెట్టారు పిన్నీ?"

"నా కోడలి పరికిణీ" అంది.

చలికాలమంతా గుడ్లు నేలగదిలో నిద్రపోయాయి. ఈ వసంతంలో ఆవిడ ఎప్పటిలాగే సంచీని రవికలో పెట్టుకుంది. గుడ్లు ఒంటి వేడికే పగలాలి. వారం గడిచింది, రెండో వారమూ గడుస్తోంది. ఏమీ లేదు. ఒకరోజు నా చేయి పట్టుకుంది. ఆవిడ చేయి కాలవ నీళ్ళలా చల్లగా ఉంది.

"నా ఒంట్లో వేడి లేదే జుమ్రాద్" అని సంచీ తీసి నా మెడలో కట్టింది. "పరుగెత్తకు. చెమట పట్టనీకు. నా కొడుకుతో పోట్లాడకు, వేడెక్కువైపోతుంది."

పదకొండు రోజులు నేను అద్దం మోస్తున్నట్టు నడిచాను, ఎర్గాష్‌ని ఒక్క మాట అనలేదు. పన్నెండో రోజు పొద్దున రొట్టెలు కాలుస్తుంటే రొమ్ము దగ్గర దురద పుట్టింది. సంచీ విప్పాను. వెంట్రుక ముక్కల్లాంటి నల్లటి పిల్లలు, కదులుతున్నాయి, అన్నీ కదులుతున్నాయి! అత్తగారు వాటిని చూసింది, నన్ను చూసింది, గోడ దగ్గరికి కుంటుకుంటూ పరుగెత్తింది.

"ఒసే తుర్సునాయ్! విశేషమా విశేషమా అని రెండేళ్ళుగా చంపావు కదే! ఇదిగో, నా కోడలు కన్నది! పదిహేను వేల మంది!"

గోడ అవతలి నుంచి వెంటనే జవాబొచ్చింది. "మరి అంతమందినీ మేపేదెవరే?"

అత్తగారు నావైపు తిరిగింది. నేనప్పటికే కొడవలి తీసుకుని, పరికిణీ పైకి దోపుకుని, కాలవ గట్టు మీది ముసలి మల్బరీ వైపు నడుస్తున్నాను.