మేడమ్ చూపించిన స్లైడు

పాతబస్తీ ఆసుపత్రిలో ఫెలోషిప్ చేస్తున్నప్పుడు, కిడ్నీ, మూత్రాశయాల నుంచి తీసిన ముక్కల్లో క్యాన్సర్‌ను గుర్తుపట్టడం నాకు నేర్పింది ఉప్పుగూడ నుంచి వచ్చే మా మేడమ్. నేనేం చెప్పినా, "మళ్లొక్కపారి చూడు బిడ్డా" అనేవారు.

ఒక మధ్యాహ్నం, పేరు కనబడకుండా కాగితం అంటించిన స్లైడు నా ముందున్న మైక్రోస్కోపు కింద పెట్టారు. చూశాను.

"మూత్రాశయం క్యాన్సర్ మేడమ్. కండరంలోకి పాకింది."

"మళ్లొక్కపారి చూడు బిడ్డా."

చాలాసేపు చూశాను. "అదే మేడమ్."

"నాకు గూడ గట్లనే కనవడ్డది. మా ఆయనది. నా కండ్లే మోసం చేసినయేమో అనుకున్న."

ఆమె మైక్రోస్కోపు లైటు ఆర్పి, ఇంటికి ఫోన్ చేశారు.

"రిపోర్టు సంగతి నేనొచ్చినంక చెప్త. ముందుగాల అన్నం తినుండ్రి."