బెల్లం కొట్లో నా ప్రాక్టికల్ క్లాసు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదు. వయసు ఇరవై మూడు. విశాఖపట్నంలో డిజైన్ కోర్సు చేసి అనకాపల్లి తిరిగొచ్చి, ఒక ప్రైవేటు కాలేజీలో బొమ్మలు వేసే పిల్లలకి 'సొంతంగా నిలబడటం ఎలా' అనే పాఠం చెప్పే ఉద్యోగంలో చేరాను. ఉద్యోగం కోసం తిరక్కుండా ఎవరి పని వాళ్లే వెతికి తెచ్చుకుని, ధర మాట్లాడుకుని, గడువులోగా చేసిచ్చి బతకడమన్నమాట. అంతవరకూ నేను మాత్రం ఒక్కరి దగ్గర కూడా అలా పని తెచ్చుకున్న పాపాన పోలేదు. (మా అత్తయ్య కూతురి పెళ్లికార్డు ఒకటి వేశాను. ప్రతిఫలంగా పెళ్లిభోజనం పెట్టారు. అది కార్డు వెయ్యనివాళ్లకీ పెట్టారు.)

అయినా బోర్డు ముందు నిలబడితే చాలు, నాకు పూనకం వచ్చేసేది. "వచ్చినవాళ్లు ఏది అడిగినా గంగిరెద్దులా తలూపకండి. ముందు ప్రశ్నలు వెయ్యండి. ధర అడిగితే 'మీ ఇష్టం' అనకండి" అంటూ ఎర్ర సుద్దముక్కతో 'మీ ఇష్టం' అని పెద్దగా రాసి, అంతకంటే పెద్దగా కొట్టేసేదాన్ని. పిల్లలు బుద్ధిగా రాసుకునేవారు. వాళ్లలో చీడికాడ నుంచి బస్సులో వచ్చే ఒక చెరకు రైతు కూతురు ఉండేది. చేత్తో అక్షరం రాస్తే చూపు తిప్పుకోలేం గానీ, నోట్లోంచి మాట రావడం మాత్రం గగనం. అందుకే అందరం ఆ అమ్మాయిని 'పొదుపు' అని పిలిచేవాళ్లం.

ఒకనాడు ప్రిన్సిపాల్ గారు పిలిచి, "చూడమ్మా, ఈ నెలాఖరులోగా మీ పిల్లలకి బయట నుంచి ఒక్క పనైనా రావాలి. లేకపోతే ఆ పీరియడ్ స్పోకెన్ ఇంగ్లీషుకి ఇచ్చేద్దామని మేనేజ్‌మెంటు ఆలోచన" అన్నారు. ఆ పీరియడ్ పోతే దానితోపాటు నేనూ పోయినట్టే. క్లాసుకొచ్చి ఏడుపు ఆపుకుంటూ విషయం చెప్పాను. పిల్లలు నాకంటే ధైర్యంగా ఉన్నారు. "అయితే మేడమ్, మీరోపాలి సేసి సూపించండి. మేం ఎనకాల నిలబడి సూత్తాం" అన్నారు. బెల్లం మార్కెట్ దగ్గర ఒక షావుకారు డబ్బాల మీద అంటించడానికి కొత్త లేబులు వేయించాలని చూస్తున్నాడన్న కబురు కూడా వాళ్లే తెచ్చారు. ఇక పారిపోయే దారి లేకపోయింది.

మర్నాడు పొద్దున్నే వెనక తొమ్మిదిమందిని వేసుకుని ఆ కొట్లోకి వెళ్లాను. బెల్లం దిమ్మల మధ్య కూర్చున్న షావుకారు నన్ను ఎగాదిగా చూసి, "లేబులేసేది మీరేనేటి? అయితే ఇనండి. మజ్జిన మా నాన్నగోరి పొటో ఎయ్యాల. పక్కన నాది. పైన దేవుడు. కింద సెరుకు తోట, రెండెడ్లు" అన్నాడు. "అలాగేనండీ" అన్నాను. "పోను నంబర్లు నాలుగు." "అలాగేనండీ." "ఒక నెమలి." "అలాగేనండీ." (డబ్బా నా అరచేయంత ఉంది. ఆ నాన్నగారు లోపల కాటా దగ్గర నిక్షేపంలా కూర్చుని ఉన్నారు. ఆయన మీసానికే ఆ డబ్బా చాలదు.) "మరి ఎంత తీసుకుంతారు?" అన్నాడాయన. నేను నేర్పిన పాఠాల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. "మీ ఇష్టమండీ" అన్నాను.

వెనక తొమ్మిది ఊపిర్లు ఒక్కసారిగా ఆగిపోవడం నాకు వినబడింది. నేల చీలితే బాగుండుననిపించింది. అంతలో నా భుజం పక్క నుంచి పొదుపు ముందుకొచ్చింది.

"బాబాయ్, ఇది ఎవలు కొంతారు?"

"ఇశాపట్నమోళ్లు. అక్కడ పెద్ద షాపుల్లో పెడదామని."

"ఆళ్లు ఏటి సూసి తీసుకుంతారు?"

షావుకారు ముఖం చిన్నబోయింది. "రంగు సూత్తారమ్మా. పచ్చగా మెరిసిపోతే సాలు. పాకంలో మందేత్తేనే ఆ మెరుపొత్తాది. మనం ఎయ్యం గదా, మన్ది నల్లగుంటాది. ఎంత సెప్పినా ఇనరు."

"మీ నాన్నగోరి పొటో సూత్తే ఇంతారా?"

లోపల కాటా దగ్గర నుంచి పకపకా నవ్వు వినిపించింది. పొదుపు అక్కడే పడున్న అట్టముక్క తీసుకుని, సంచిలోంచి స్కెచ్ పెన్ను తీసి, 'నల్లగా ఉందా? మందు వెయ్యలేదు మరి!' అని రాసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన రెండుసార్లు చదువుకున్నాడు. లోపలికి తీసుకెళ్లి చూపించాడు. "నా పొటో నువ్వే ఉంచుకోరా బాబూ, ఇదే ఏయించు" అన్నారు పెద్దాయన.

పొదుపు అక్కడితో ఆగలేదు. "ఎంతవుతాదో రేపు కాయితమ్మీద రాసి తెత్తాను బాబాయ్. సగం ముందియ్యాల. నచ్చకపోతే రెండుపాల్లు మారుత్తాం. మూడోపాలంటే దానికి ఏరే డబ్బులు" అంది. అన్నీ నా మాటలే, కామా కూడా పోకుండా! షావుకారు నా వైపు వేలు చూపించి, "మరి మీ మేడమ్ మా ఇష్టమన్నారు గదా?" అన్నాడు. "లేబులెలా ఉండాలో మీ ఇష్టమన్నారు బాబాయ్. ధర కాదు" అంది పొదుపు, రెప్ప వెయ్యకుండా. ఆయన నవ్వేసి మా అందరి చేతుల్లో తలో బెల్లంముక్క పెట్టాడు. రోడ్డు మీదకొచ్చాం. ఆ ముక్క నోట్లో వేసుకుంటే కళ్లమ్మట నీళ్లొచ్చాయి. ఎవరూ చూడకుండా చున్నీతో తుడుచుకున్నాను. (అందరూ చూశారు.)

మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గారు "ఎలా మాట్లాడారమ్మా మీ మేడమ్?" అని పిల్లల్ని అడిగారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నాను. "మేడమ్ కావాలనే ఊరుకున్నారు సార్, మేం మాటాడాలని" అంది పొదుపు. ఆయన మెచ్చుకోలుగా తలూపారు. పీరియడ్ నిలిచింది. నేనూ నిలిచాను. అది నిజం కాదని చెప్పాల్సింది నేనే. చెప్పలేదు.

పొదుపు ఇప్పుడు చీడికాడలోనే ఉండి ఎక్కడెక్కడి వాళ్లకో లేబుళ్లు వేస్తోంది. ఏడాదికోసారి వచ్చి మా పిల్లలకి గంటసేపు పాఠం చెబుతుంది. పేరు మాత్రం ఇంకా మార్చలేదు మేము. నేను ప్రతి బ్యాచ్‌నీ బజారుకి తీసుకెళ్లి, కొట్లో ఒక మూల స్టూలు మీద కూర్చుని, పిల్లలు మాట్లాడుతుంటే వింటాను. కొత్తగా చేరిన లెక్చరర్లు "ఒక్క మాటైనా అందించరు, భలే పద్ధతండీ మీది! ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడుగుతుంటారు. భయంతో బిగుసుకుపోయి నిలబడ్డ ఆ ఇరవై మూడేళ్ల పిల్ల కళ్లముందు కదులుతుంది. పాపం, దానికేం తెలుసు.

"అనుభవం మీద వచ్చిందండీ" అంటాను. అబద్ధమైతే కాదు.